ఎడమ వైపు సముద్రం

కట్ట కట్టిన నలభై ఒకటో ఏడు. పీతలతిప్ప తూము రోజువారీ పుస్తకం. రాస్తున్నది ఆపరేటరు నాంచారమ్మ. చదివేవాళ్ళకి ఓపిక ఉండాలి, నాకు క్లుప్తంగా రాయడం రాదు.

ఆషాఢ బహుళ చవితి

ఉదయం ఏడున్నరకి ఎడమ మానిటర్ చచ్చిపోయింది. ముందు ఒక మూల నల్లబడింది, తర్వాత అడ్డంగా ఒక గీత పడింది, ఆ తర్వాత ఏమీ లేదు. నెత్తిన రెండు తట్టాను. వెనకాల నాలుగు తట్టాను. "పోయినదాన్ని తడితే లేస్తదా అమ్మాయ్" అన్నాడు గుమ్మంలో నిలబడి యేసురత్నం బాబాయ్.

ఆయన మా తూము లస్కరు. బయట ఇనుప చక్రం తిప్పి తలుపు ఎత్తేది, దించేది ఆయన. లోపల కూర్చుని ఎప్పుడు ఎత్తాలో ఎప్పుడు దించాలో గంట కొట్టి చెప్పేది నేను. ఒక గంట కొడితే ఎత్తాలి, రెండు కొడితే దించాలి. పంతొమ్మిదేళ్ళుగా మా ఇద్దరి మధ్య మాటల కన్నా గంటలే ఎక్కువ.

ఎడమ మానిటర్‌లో సముద్రం మట్టం, కుడి మానిటర్‌లో కాలువ మట్టం. ఈ తీరం మీద ఏ తూముకెళ్ళినా ఇంతే. పైన పేరు రాసే ఉంటుంది గానీ చదివినవాణ్ణి నేను చూడలేదు. తూములవాళ్ళని అన్నం ఏ చేత్తో తింటారని అడిగితే కాలువ చేత్తో అంటారని సామెత.

సముద్రం కాలువ కన్నా జానెడు కిందికి దిగితే తలుపు ఎత్తాలి. పొలాల్లో నిలిచిన వాన నీళ్ళు కట్ట అడుగున ఉన్న గొట్టంలోంచి అవతలికి పోతాయి. తేడా బెత్తెడుకొస్తే దించాలి. ఏమరుపాటుగా ఉంటే సముద్రమే ఇవతలికొస్తుంది. కట్ట మూడంతస్తుల ఎత్తు కాబట్టి మా కంటికి సముద్రం కనపడదు, దాని వాసన తప్ప. అందుకే రూలు: రెండు మట్టాలూ ఒకే మనిషి కంటికి ఒకేసారి కనపడకుండా తలుపు ఎత్తరాదు. ఒకే మానిటర్‌లో అదోసారి ఇదోసారి మార్చి చూస్తే సరిపోదా అని తెలియనివాళ్ళు అడుగుతారు. అవతలి తూములో ఒకాయన అట్టా మారుస్తూ మారుస్తూ మూడు ఊళ్ళని ఉప్పు చేశాడు. రూలు ఆయన చలవే.

కొత్త మానిటర్ కోసం ఆఫీసుకి ఇండెంటు పెట్టాను. 'ఓడ వచ్చిన తర్వాత పంపబడును' అని గంటలో జవాబొచ్చింది. ఓడ ఎప్పుడొస్తుందో ఓడకే తెలీదు.

ఇక్కడ మూడు వందల ఎకరాలకి సరిపడే నారుమళ్ళు మొన్నటి వానకి మునిగి ఉన్నాయి. నారు నీళ్ళలో అయిదు రోజులు ఓర్చుకుంటుంది, ఆరో రోజు కుళ్ళుతుంది. ఇవాళ రెండో రోజు. ఓడ కోసం కూర్చుంటే ఊరు కుళ్ళిన నారు పీక్కోవాలి. నేను కూర్చోను.

పంచమి

కట్ట దిగువన టీ బడ్డీ కోటేశ్వరమ్మకి ఒక ట్యాబ్ ఉంది. ఈ చుట్టుపక్కల పనిచేసే ట్యాబ్ అదొక్కటే. దాన్లో వెనకటి కాలం సీరియల్ ఒకటి, పన్నెండు వందల ఆరు భాగాలు, దాచుకుంది. మూడుసార్లు పూర్తిచేసి ఇప్పుడు నాలుగో విడతలో ఉంది. కోడలికి నిజం ఎప్పుడు తెలుస్తుందో ఆవిడకి భాగం నంబరుతో సహా తెలుసు, అయినా చూస్తుంది.

"తీసుకుపో వదినా, నా మడీ మునిగే ఉంది గదా" అంది. "ఒంటిగంట నుంచి మూడింటి దాకా మాత్రం నాకు తెచ్చివ్వాలి."

"ఆ వేళకి సముద్రం దిగితే?"

"ఆగమను. ఆ కోడలి కోసం నేను నాలుగేళ్ళ నుంచి ఆగుతున్నా."

ఒప్పుకున్నాను. (అష్టమి నాడు పక్కన చేర్చింది: ఆ ఒప్పుకోవడం దగ్గరే తప్పు మొదలైంది.)

ట్యాబ్‌ని కంప్యూటర్‌కి రెండో తెరగా చెయ్యడానికి పొద్దుటి నుంచి పన్నెండింటి దాకా పట్టింది. ముందు వైరు లేకుండా, వైఫై మీద కలిపాను. బొమ్మ వచ్చింది గానీ రెండు రెప్పపాట్లు వెనకబడి వచ్చింది. వైరు పెడితే వెంటనే వచ్చింది, పైగా ఛార్జింగూ ఎక్కుతోంది. కానీ రెండింట్లోనూ ఒకే బొమ్మ! రెండు పక్కలా కాలువే. సెట్టింగుల్లో వెతికి, 'అదే బొమ్మ' అన్నది తీసేసి 'వేరే తెర' అన్నది పెట్టాను.

అప్పుడింకో తమాషా. ట్యాబ్ నాకు ఎడమ పక్కన ఉంది. బాణం గుర్తుని ఎడమకి తోస్తే గోడకి గుద్దుకున్నట్టు ఆగిపోతోంది. కుడి అంచు దాటిస్తే మాత్రం ఎడమనున్న ట్యాబ్‌లో తేలుతోంది. ట్యాబ్ ఎటుందో చూడటానికి కంప్యూటర్‌కి కళ్ళు లేవు, మనం చెప్పాలి. సెట్టింగుల్లో ఒకటి, రెండు అని రెండు పెట్టెలు కనిపించాయి. రెండోదాన్ని పట్టి లాగి ఒకటికి ఎడమన పెట్టాను. బాణం బుద్ధిగా ఎడమకెళ్ళింది. సముద్రం బొమ్మని తోసుకెళ్ళి ట్యాబ్‌లో నిండుగా పరిచాను.

పన్నెండుం పావుకి కాలువ 164 సెంటీమీటర్లు, సముద్రం 131. ఒక గంట కొట్టాను. బయట చక్రం కిర్రుమంది. ఆ చప్పుడు ఇంత బాగుంటుందని ఇన్నాళ్ళూ ఎందుకు తోచలేదో. అరగంటలోపే బెత్తెడుకొచ్చి దించేశాం. ఒంటిగంటకి ట్యాబ్ కోటేశ్వరమ్మ చేతిలో పెట్టాను.

సప్తమి

మూడు రోజుల్లో అయిదుసార్లు ఎత్తాం. ఊళ్ళో సగానికి పైగా మడులు తేలాయి. యేసురత్నం బాబాయ్ మడి తూముకి ఆనుకునే ఉంటుంది, అందరి కన్నా ముందు అదే తేలింది. నారు పచ్చగా నిలబడింది. ఆయన గట్టు మీద కూర్చుని చుట్ట కాలుస్తూ, "కోటేశ్వరమ్మ సీరియల్ పుణ్యాన ఈ ఏడు అన్నం తింటాం" అన్నాడు. ఆయన నవ్వితే పళ్ళు తక్కువ, ముఖం ఎక్కువ.

తిథులు రాయడం మా తూముల పాత అలవాటు. కట్ట కట్టాక సముద్రం తిథి మాట వినడం మానేసింది. ఎప్పుడు పొంగుతుందో, ఎప్పుడు తీస్తుందో వేళ లేదు. అమావాస్య పోటు పెద్దదన్నది ఒక్కటే ఇంకా నిజం.

అష్టమి

ఇవాళ్టిది నేను చేసిన తప్పు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

మూడింటికి కోటేశ్వరమ్మ ట్యాబ్ తెచ్చిచ్చింది. వైరు తగిలించాను. బొమ్మ వచ్చింది. ఎడమన 138, కుడిన 165. జానెడు కన్నా ఎక్కువే తేడా. ఒక గంట కొట్టాను.

ట్యాబ్ ఊడదీసినప్పుడల్లా దాని మీది బొమ్మ కంప్యూటర్‌లోకి దూకుతుంది. మళ్ళీ తగిలిస్తే ఏ బొమ్మ ముందుంటే అది ట్యాబ్ మీదికెళ్ళి కూర్చుంటుంది. మూడు రోజులూ అదృష్టం కొద్దీ సముద్రమే వెళ్ళింది. ఇవాళ కాలువ వెళ్ళింది. ఎడమన ఉన్న 138 కాలువ. కుడిన ఉన్న 165 సముద్రం. పైన పేర్లు శుభ్రంగా రాసే ఉన్నాయి. నేను చదవలేదు. ఎడమ వైపుంటే సముద్రమే అని నా పంతొమ్మిదేళ్ళ కన్ను చెప్పింది, నేను నమ్మాను.

యేసురత్నం బాబాయ్ ఆరు చుట్లు తిప్పాక నీళ్ళలో తేలుతున్న గుర్రపుడెక్క బయటికి పోవాల్సింది పోయి లోపలికి రావడం చూశాడట. నా గంట కోసం ఆగకుండా తనే దించేశాడు. మొత్తం తొమ్మిది నిమిషాలు. ఆ తొమ్మిది నిమిషాల ఉప్పు నీళ్ళు ముందు తగిలేది తూముకి ఆనుకున్న మడికి.

ఆయన ఎనభై అడుగులు నడిచి గదిలోకొచ్చాడు. తడిసిన చెయ్యి పంచెకి తుడుచుకుని రెండు తెరలూ చూశాడు. పైన రాసి ఉన్నది కూడబలుక్కుంటూ చదివాడు. ఆయనకి చదువు అంతంతమాత్రం.

"ఇటు కాలవ, అటు సముద్రం" అన్నాడు. "అంతేగదా?"

"అంతే బాబాయ్."

పంచె ఎగగట్టి మడి వైపు వెళ్ళిపోయాడు. తిడితే బాగుండేది.

నవమి

నారు కొసలు తెల్లబడ్డాయి. మధ్యాహ్నానికి మడి మొత్తం వేడి నీళ్ళు పోసినట్టు వాలిపోయింది. ఎనిమిది సెంట్ల నారుమడి, దాని వెనక రెండెకరాల పంట.

కోటేశ్వరమ్మ ఏడ్చింది, సీరియల్ పాపమేనని. తర్వాత కళ్ళు తుడుచుకుని సలహా చెప్పింది. "పుస్తకంలో యంత్రం చెడిపోయిందని రాయి వదినా. నువ్వు తప్పు చేశానని రాస్తే శుక్రవారం దీని నకలు ఆఫీసుకెళ్తుంది. వాళ్ళొచ్చి తూముకి గొలుసేసి సీలు కొడతారు. ఆనక వాన పడితే ఊరు గిన్నెలా నిండుద్ది."

ఆవిడ చెప్పింది నిజమే. సీలు పడిన తూములు ఈ కట్ట మీద నాలుగున్నాయి. వాటి వెనక ఊళ్ళు లేవిప్పుడు, తుంగ ఉంది.

కానీ యంత్రం చెడలేదు. చెడిందని రాస్తే ఇంకో తూములో ఇంకొకరు ట్యాబ్ తగిలిస్తారు, ఇంకొకరి మడి మాడుతుంది. అందుకే నిన్నటి పేజీ నిన్నే రాసేశాను. గొలుసు వేస్తామంటే వచ్చినవాళ్ళతో మాట్లాడతాను. నాకు నోరుంది.

ఇవాళ ఎత్తమని రెండుసార్లు గంట కొట్టాను. రెండుసార్లూ చక్రం కదల్లేదు. బాబాయ్ ఎనభై అడుగులు నడిచి, గదికొచ్చి, పేర్లు చదువుకుని, మళ్ళీ ఎనభై అడుగులు నడిచి వెళ్ళి అప్పుడు తిప్పాడు. అరవై మూడేళ్ళ మోకాళ్ళు. "చూసెళ్తానండీ ఆపరేటరుగారూ" అన్నాడు. పంతొమ్మిదేళ్ళలో నన్ను 'అండీ' అనడం ఇదే మొదలు. చెంప మీద కొట్టినా అంత మండేది కాదు.

లస్కరు గదికి వచ్చి చూసి వెళ్ళాడు. రెండుసార్లు.

ఏకాదశి

ట్యాబ్ ఇక ఊడదియ్యను. కోటేశ్వరమ్మే చెప్పింది, "కోడలికి నిజం ఇంకో నెల ఆలస్యంగా తెలిసినా కొంపలంటుకోవు" అని. గంట కొట్టే ముందు రెండు తెరల మీదా వేలు పెట్టి, పేరు పైకి చదివి, అంకె పైకి చదువుతున్నాను. ఒకటో తరగతి పిల్లలా ఉందని నాకే నవ్వొస్తోంది. నవ్వొచ్చినా చదువుతాను.

మా ఇంట్లో ఉన్న విత్తనాలు నానబెట్టి, మండె కట్టి, మొలకలొచ్చాక మూట బాబాయ్ గట్టు మీద పెట్టొచ్చాను. మంచి నీళ్ళు పెట్టి, మడి మూడుసార్లు కడిగి, సాయంత్రం చల్లుకున్నాడు. "ఆపరేటరుగారికి శ్రమ" అన్నాడు.

లస్కరు గదికి వచ్చి చూసి వెళ్ళాడు. ఒకసారి.

ద్వాదశి

కట్ట ఆఫీసు తనిఖీ అధికారి భ్రమరాంబగారు పడవలో వచ్చారు. ఆవిడ వెనక ఒక సంచి, సంచిలో గొలుసు. అడుగు తీసి అడుగు వేస్తుంటే గలగలమంది.

ఈ పుస్తకం తెరిచి అష్టమి పేజీ రెండుసార్లు చదివారు. "మీరు రాయకపోతే మాకు తెలిసేదే కాదు" అన్నారు.

"అందుకే రాశానండీ."

"ట్యాబ్ రెండో తెరగా వాడొచ్చని ఎవరు చెప్పారు మీకు?"

"వాడకూడదని ఎవరూ చెప్పలేదు మేడమ్. రెండు మట్టాలు, ఒక మనిషి, ఒకేసారి. రూల్లో ఉన్నది ఇంతే. తెర ఏ కంపెనీదో రూల్లో లేదు. ట్యాబ్ లేకపోతే మూడు వందల ఎకరాల నారు అష్టమికల్లా పోయేది. ట్యాబ్ వల్ల కాదు, నేను చదవకపోవడం వల్ల ఎనిమిది సెంట్లు పోయింది. గొలుసు వేస్తే నాకు వెయ్యండి, తూముకి వద్దు."

ఆవిడ లేచి వెళ్ళి ట్యాబ్ వైరు పీకేశారు. మళ్ళీ తగిలించారు. అలా మూడుసార్లు. మూడింట్లో రెండుసార్లు బొమ్మలు తారుమారయ్యాయి. రెండుసార్లూ వేలు పెట్టి చదివి, పట్టుకుని, సరిచేశాను. చమట మాత్రం వీపంతా కారింది.

గుమ్మం దగ్గరున్న బాబాయ్‌ని అడిగారు, "మడి పోయింది మీదే గదా. మీరేమంటారు?"

"తూము మూస్తే అందరి మడులూ పోతయ్యండీ" అన్నాడు, నా వైపు చూడకుండా.

"అమావాస్య పోటు దాకా చూస్తాను" అన్నారు భ్రమరాంబగారు. "ఆ రోజు ఒక్క చుక్క ఉప్పు లోపలికొస్తే మర్నాడే గొలుసు. మీ మీద కోపంతో కాదమ్మా, ఈ కాలువ వెనకాల ఇంకా తొమ్మిది ఊళ్ళున్నాయి." గొలుసు సంచి మా గదిలోనే మూలన పెట్టి వెళ్ళారు. దాన్ని చూసుకుంటూ పని చెయ్యమని కాబోలు.

చతుర్దశి

నిన్నటి నుంచి వాయుగుండం వాన. కాలువ 198, ఇంకా లేస్తోంది. సముద్రం 215. తలుపు ఎత్తే వీలే లేదు. బాబాయ్ మొలకలూ మునిగాయి. ముదురు నారు అయిదు రోజులు ఓర్చుకుంటుంది గానీ నాలుగు రోజుల మొలక రెండు రోజులకే పోతుంది. రేపు తియ్యకపోతే ఆ మడిలో మళ్ళీ చల్లడానికి నా దగ్గర గింజ లేదు, ఆయన దగ్గరా లేదు.

సాయంత్రం గంట కొట్టి చూశాను, వినపడుతోందా అని. చక్రం దగ్గర నిలబడ్డ బాబాయ్ తల తిప్పలేదు. గాలి చప్పుడులో గంట కలిసిపోయింది. గదికీ తూముకీ మధ్య బాటలో మోకాలి లోతు నీళ్ళు ఉరుకుతున్నాయి. రేపు ఆయన ఎనభై అడుగులు వచ్చి చూసి ఎనభై అడుగులు వెళ్ళేసరికి సముద్రం మా కోసం ఆగదు. మా గది కిటికీని తూము వైపు కాక రోడ్డు వైపు పెట్టిన మహానుభావుణ్ణి ఇవాళ తలుచుకోని నిమిషం లేదు.

గొలుసు సంచి చూస్తూ కూర్చున్నాను. తర్వాత ట్యాబ్ చూశాను. ఇన్నాళ్ళూ అది చచ్చిన మానిటర్ కుర్చీలో కూర్చున్న మనిషనే అనుకున్నాను. మానిటర్ బల్లకి బిగించి ఉండేది. ఇది బిగించి లేదు గదా!

కాలువ మట్టం చూడటానికి తెరే అక్కర్లేదు. చక్రం పక్కనే రాతి మీద అంకెలు చెక్కి ఉన్నాయి. కావల్సింది సముద్రం ఒక్కటే. వైరు తీసి వైఫై మీద పెడితే సముద్రం నా చేతిలో ఉంటుంది. రెండు రెప్పపాట్లు ఆలస్యమైతే అయింది. రెండు రెప్పల్లో కట్ట మునగదు.

వైఫై పెట్టెని పొడుగు వైరుతో లాక్కొచ్చి గుమ్మం పైన మేకుకి, తడవకుండా కట్టాను. ట్యాబ్ పట్టుకుని వానలో చక్రం దాకా నడిచి చూశాను. బొమ్మ రెండుసార్లు తడబడింది గానీ నిలబడింది.

అమావాస్య

పొద్దుట పది నుంచీ చక్రం దగ్గరే ఉన్నాను. ట్యాబ్‌కి కోటేశ్వరమ్మ బన్ను ప్యాకెట్ల కవరు తొడిగింది. ఒంటిగంటకి ఆవిడే గొడుగు తీసుకుని వచ్చింది.

"సీరియల్ వేళకి వచ్చావా?" అన్నాను.

"నా ట్యాబ్ తడిస్తే నీ ప్రాణం తీద్దామని వచ్చా" అంది, గొడుగు నా మీద కాకుండా ట్యాబ్ మీద పట్టి.

ఒకటీ నలభైకి రాతి మీద కాలువ 212, ట్యాబ్‌లో సముద్రం 189. జానెడు. ట్యాబ్ బాబాయ్ ముఖం ముందు పెట్టాను. ఆయన పేరు మీద వేలు పెట్టి చదివాడు, "స-ము-ద్రం." అంకె చదివాడు. రాయి చూశాడు. అప్పుడు చక్రం పట్టుకున్నాడు. పూర్తిగా ఎత్తడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది. తలుపు లేచేకొద్దీ నీళ్ళు గొట్టంలోకి దూకాయి, గుర్రపుడెక్క బయటికే పరిగెత్తింది. నాకు కేక పెట్టాలనిపించింది. పెట్టాను కూడా.

యాభై నిమిషాలు పారింది. కాలువ 212 నుంచి 196కి దిగింది. బాబాయ్ మడి గట్లు తేలాయి. మొలకల మీద ఇంకా నాలుగు వేళ్ళ నీళ్ళున్నాయి. ఆయన కళ్ళు అక్కడే ఉన్నాయి, నాకు తెలుసు. ఇంకో పావుగంట పారితే చాలు.

సముద్రం 178 దాకా దిగి ఆగింది. 180. ఒక నిమిషంలో 183. ఇంకో నిమిషంలో 186. తేడా పది. రూలు ప్రకారం ఇంకా బెత్తెడు కాలేదు. కానీ తలుపు దిగడానికి మూడు నిమిషాలు పడుతుంది.

సరిగ్గా అప్పుడే గాలికి గొడుగు తిరగబడింది. కవరు చిరిగి వాన చినుకులు ట్యాబ్ మీద పడ్డాయి. చినుకుకీ వేలికీ ట్యాబ్‌కి తేడా తెలీదు. ఒకటి దేన్నో నొక్కింది, ఇంకొకటి దేన్నో లాగింది. సముద్రం మాయమై సెట్టింగులు వచ్చాయి, అవీ పోయి సీరియల్లో కోడలి ముఖం వచ్చింది. తుడిచేకొద్దీ ఇంకా పాడైంది.

"దించు బాబాయ్" అన్నాను.

ఆయన ట్యాబ్ చూశాడు. కోడలు ఏడుస్తోంది. "ఏం కనపట్టంలా" అన్నాడు.

"కనపడదు. నేను చివర చూసింది నూట ఎనభై ఆరు. నిమిషానికి మూడు లేస్తోంది. ఇప్పుడే దించాలి."

"రాయి మీద నూట తొంభై ఆరుంది. ఇంకా పదుంది గదా. నా మడి..." అన్నాడు.

ఆయనకి చూపించడానికి నా చేతిలో ఏమీ లేదు. నా మాట ఉంది. ఆ మాట విలువ ఎంతో అష్టమి నాడు ఆయనకి నేనే చూపించాను. "నీ మడే బాబాయ్" అన్నాను. "దాని కోసమే చెప్తున్నా."

ఆయన ట్యాబ్ వైపు మళ్ళీ చూడలేదు. నా ముఖం చూశాడు, ఒక్క క్షణం. "పక్కకి జరుగమ్మాయ్, చక్రం తగులుద్ది" అని కొక్కెం తీసి వదిలాడు. చక్రం గిర్రున తిరిగింది. మూడో నిమిషానికి తలుపు అడుగు తాకిన దెబ్బ కాళ్ళ కిందికి తెలిసింది.

మోకాలి లోతు నీళ్ళలో పరిగెత్తి గదిలోకెళ్ళి సముద్రం బొమ్మ పెద్ద తెర మీదికి తెచ్చాను. వేలు పెట్టి పేరు చదివాను. సముద్రం 199. బెత్తెడు దాకా ఆగి ఉంటే తలుపు ఇంకా దిగుతుండగానే సముద్రం ఇవతలికొచ్చేది.

తిరిగొచ్చేసరికి బాబాయ్ కాలువలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంటున్నాడు. నేనూ ముంచాను, కోటేశ్వరమ్మ కూడా ముంచింది. చప్పగా ఉన్నాయి. అంత చప్పటి నీళ్ళు నేనెప్పుడూ తాగలేదు. అక్కడే గట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఎవరూ ఓదార్చలేదు, ముగ్గురం తడిసి ఉన్నాం కాబట్టి ఎవరు ఏడుస్తున్నారో తెలియదు కూడా.

శ్రావణ శుద్ధ పాడ్యమి

తెల్లవారుతూనే సముద్రం మళ్ళీ తీసింది. వాన లేదు. ట్యాబ్ పట్టుకుని చక్రం దగ్గరికెళ్ళాను. రెండు గంటలు పారించాం. బాబాయ్ మొలకలు బయటపడ్డాయి. మూడో వంతు పోయాయి, మిగతావి వాలి ఉన్నా పచ్చగానే ఉన్నాయి.

పంచమి

ఓడ వచ్చింది. కొత్త మానిటర్ పడవలో వచ్చింది, దాంతో భ్రమరాంబగారి కాగితం. 'అమావాస్య నాడు రెండవ తెరను గది వెలుపల చేతబట్టుకుని వాడుట నిబంధనలలో లేదు. నిబంధనలలో చేర్చడమైనది. తెరల మీది పేర్లను వేలు పెట్టి పైకి చదువుట అన్ని తూములకూ తప్పనిసరి. గొలుసును తిరిగి పంపవలెను.' గొలుసు ఆ పడవలోనే పంపేశాను, గలగలమనకుండా గోనె చుట్టి.

ట్యాబ్ తుడిచి కోటేశ్వరమ్మకిచ్చాను. వానొస్తే మళ్ళీ అడుగుతానని చెప్పాను. "ఒంటిగంట లోపు అడుగు" అంది.

కొత్త మానిటర్ ఎడమన బిగించాను. సముద్రం దాన్లోకి తోశాను. నాలుగూ పదికి వేలు పెట్టి పైకి చదివాను: సముద్రం 128, కాలువ 155. గంట ఒకటి కొట్టి, బాబాయ్‌కి దారిస్తూ కుర్చీ పక్కకి జరుపుకున్నాను. రోజూ ఆయన వచ్చే ఎనభై అడుగులూ లెక్కపెట్టడం అలవాటైపోయింది. పదకొండు, పన్నెండు, పదమూడు.

పదమూడు దగ్గర బయట చక్రం కిర్రుమంది.

తూము ఎత్తిన వేళ నాలుగూ పది. తేడా జానెడు పైన. లస్కరు గదికి రాలేదు.